గుండ్రడా ఎవరి కూతురు? లూయిస్ రాతిపలక దగ్గర మొదలైన తగువు

#1 బ్రైటన్ బుజ్జి

అందరికీ నమస్కారం. చరిత్రలో నా చదువు పదో తరగతితోనే ఆగిపోయింది కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. మేం ఇంగ్లండ్ దక్షిణాన బ్రైటన్ పక్కన ఉంటాం. మా పాపకి బళ్లో నార్మన్ల (1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచినవాళ్లు) పాఠం నడుస్తోంది. మీ ఊరి చుట్టుపక్కల ఆ కాలం మనిషిని ఒకరిని ఎంచుకుని వంశవృక్షం గీసుకురమ్మన్నారు. ఆదివారం లూయిస్ వెళ్లి సౌతోవర్ చర్చిలో గుండ్రడా అనే ఆవిడ సమాధి రాయి చూసొచ్చాం. నల్లరాయి, అంచు చుట్టూ, మధ్యలో నిలువుగా లాటిన్ అక్షరాలు, ఆకులూ సింహం ముఖాలూ చెక్కారు. చాలా బాగుంది.

అక్కడ కలిసిన ఒక పెద్దాయన "ఈమె విలియం ద కాంకరర్ కూతురు" (అలా గెలిచి రాజైన నార్మండీ డ్యూక్) అన్నాడు. పాప సంబరంగా చార్టు పైన కిరీటం బొమ్మ కూడా వేసేసింది. ఇంటికొచ్చి వెతికితే ఒక సైట్లో విలియం కూతురని, ఇంకోచోట అతని భార్య మటిల్డాకి మొదటి భర్త వల్ల పుట్టిందని, మూడోచోట ఈ ఇద్దరికీ ఏమీ కాదని ఉంది. నాలుగోచోట అసలు తల్లిదండ్రుల గడే ఖాళీ! శుక్రవారం చార్టు ఇవ్వాలి. కిరీటం ఉంచాలా, చెరపాలా?

#2 పాతరాయి

చెరిపేయండి బుజ్జి గారూ. పాపకి కోపం వస్తే నా పేరు చెప్పండి.

ముందు ఖాయంగా తెలిసిన సంగతులు. గుండ్రడా భర్త విలియం ద వారెన్. "వారెన్" అనేది మనకి ఇంటిపేరు లాంటిదే, నార్మండీలో దియెప్ దగ్గరి వారెన్ అనే చోటు నుంచి వచ్చింది. 1066లో హేస్టింగ్స్ యుద్ధంలో ఉన్నాడని పేరుతో సహా ఆధారం దొరికే కొద్దిమందిలో ఇతనొకడు. అందుకు ఫలం బాగానే ముట్టింది: ససెక్స్‌లో లూయిస్, నార్ఫోక్‌లో కాసిల్ ఏకర్, యార్క్‌షైర్‌లో కోనిస్‌బరో. చివర్లో సర్రే ఎర్ల్ బిరుదు కూడా వచ్చింది కానీ పట్టుమని ఏడాది అనుభవించలేదు. పెవెన్సీ కోట ముట్టడిలో గాయపడి 1088 జూన్‌లో పోయాడు.

ఇద్దరూ కలిసి రోమ్ యాత్రకి బయలుదేరారు. దారిలో పోప్‌కీ చక్రవర్తికీ మధ్య గొడవలు ముదరడంతో బర్గండీలోని క్లూనీ మఠంలో ఆగిపోయారు. అక్కడి పద్ధతులు నచ్చి, ఆ సన్యాసుల్ని పిలిపించి 1077 ప్రాంతంలో లూయిస్‌లో సెయింట్ పాంక్రస్ పేరున మఠం పెట్టించారు. ఇంగ్లండ్‌లో క్లూనీ వాళ్ల మొదటి మఠం అదే. గుండ్రడా 1085 మే 27న కాసిల్ ఏకర్‌లో కాన్పు కష్టమై చనిపోయింది. తెచ్చి లూయిస్‌లో పూడ్చారు.

ఇక పుట్టిల్లు. ఆర్డెరిక్ విటాలిస్ అని నార్మండీలోని సెయింట్ ఎవ్రూల్ మఠంలో ఉండి పన్నెండో శతాబ్దం తొలి సగంలో పెద్ద చరిత్ర రాసిన సన్యాసి ఉన్నాడు. విలియం రాజు ఎవరెవరికి ఏమేం ఇచ్చాడో చెబుతూ, "గెర్బాడ్ చెల్లెలు గుండ్రడాని పెళ్లాడిన విలియం ద వారెన్‌కి సర్రే ఇచ్చాడు" అని రాశాడు. ఈ గెర్బాడ్ ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ వైపు) మనిషి, కొద్దికాలం చెస్టర్ ఎర్ల్‌గా ఉండి తిరిగి దేశం వెళ్లి అక్కడ బందీ అయ్యాడు. ఆమె నిజంగా రాజు బిడ్డ అయితే ఆ మాట వదిలేసి "గెర్బాడ్ చెల్లెలు" అని ఎవరైనా పరిచయం చేస్తారా? ఇందిరాగాంధీని "ఫలానా వారి మేనకోడలు" అని పరిచయం చేసినట్టుంటుంది.

#3 కోనసీమ కుర్రోడు

పేరు చూసి మనిషి గుండ్రంగా ఉంటుందనుకున్నా. సారీ. చదువుతున్నా, కానివ్వండి.

#4 సూర్యకాంతం అభిమాని

పాతరాయి గారు మరీ తేల్చి పారేశారు. ఒక సన్యాసి ఒక ముక్క రాయకపోతే రాజపుత్రిక కాకుండా పోతుందా? నేను కొంత చదివాను. రాజే ఇచ్చిన దానపత్రం ఉంది. నార్ఫోక్‌లోని వాల్టన్ గ్రామం లూయిస్ మఠానికి ఇస్తూ గుండ్రడాని "నా కూతురు" అన్నాడు. మఠం స్థాపన పత్రంలో భర్త వారెన్ కూడా మటిల్డా రాణిని "నా భార్య తల్లి" అన్నాడు. ఇక సమాధి రాయి మీద మొదటి మాటే "డ్యూకుల సంతతి గుండ్రడా". నార్మండీకి డ్యూక్ ఎవరు? విలియమే కదా. ఒకటి కాదు, మూడు సాక్ష్యాలు.

పైగా 1845లో బ్రైటన్ నుంచి లూయిస్ మీదుగా రైలు దారి వేస్తూ మఠం శిథిలాల్లోంచి తవ్వుకుంటూ పోతే రెండు సీసపు పెట్టెలు దొరికాయి, ఒకదాని మీద భర్త విలియం పేరు, రెండోదాని మీద గుండ్రడా పేరు. కాబట్టి ఆ రాయి కింద ఉన్నది ఎవరో అన్న సందేహం లేదు.

#5 పాతరాయి

కింద ఎవరున్నారో సందేహం ఎవరికీ లేదండీ. తగువంతా పుట్టింటి గురించే.

మీ మూడు సాక్ష్యాల్లో రెండు కాగితాలు, ఒకటి రాయి. కాగితాలు రెండూ ఒకే ఇంట్లోంచి వచ్చాయి: లూయిస్ మఠం. వాల్టన్ పత్రంలో "నా కూతురు" అన్న మాటలు మొదట రాసినవి కావు, తర్వాత చేర్చినవని పరిశీలించినవాళ్లు తేల్చారు. "నా భార్య తల్లి" ఉన్న స్థాపన పత్రమేమో అసలు రూపంలో లేదు, చాలా కాలం తర్వాతి నకలే ఉంది. ఆ మఠం తన దస్తావేజులన్నీ ఒక పెద్ద పుస్తకంలోకి ఎక్కించుకున్నది 1444లో. అంటే ఆవిడ పోయిన మూడువందల యాభై తొమ్మిదేళ్లకి. అప్పటికి ఈ కూతురు కథ మఠంలో స్థిరపడిపోయింది.

సన్యాసులు ఎందుకు అలా చేస్తారు అంటారా? మన దగ్గర దొంగ తామ్రశాసనాలు ఎందుకు పుట్టాయో అందుకే. మా మఠం పెట్టింది రాజుగారి కూతురండీ అంటే దానాల మీద ఎవడైనా దావా వేసేముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. వాళ్లని తిట్టాల్సిన పని లేదు. బహుశా వాళ్లు కూడా నమ్మే రాసి ఉంటారు.

రాయి సంగతి రాత్రికి రాస్తా. దాని మీద నాకు చాలా ప్రేమ, హడావుడిగా రాయబుద్ధి కాదు.

#6 లెక్కల మాస్టారు

బుజ్జి గారు చెప్పిన రెండో కథ, అంటే మటిల్డా మొదటి భర్త కథ, ఎలా పుట్టిందో చెబుతాను. వినడానికి ముచ్చటగా ఉంటుంది.

థామస్ స్టేపుల్టన్ అనే ఆయన 1846లో ఒక వ్యాసం రాశాడు. సీసపు పెట్టెలు దొరికిన మరుసటి ఏడే, కాబట్టి ఊరంతా ఇదే కబురు. ఆయన ముందు రెండు ముక్కలున్నాయి: పత్రం ప్రకారం గుండ్రడా తల్లి మటిల్డా, ఆర్డెరిక్ ప్రకారం గుండ్రడా అన్న గెర్బాడ్. రెండూ నిజమే అనుకుంటే? అప్పుడు మటిల్డాకి విలియం కంటే ముందు ఒక భర్త ఉండి తీరాలి. ఫ్లాండర్స్‌లో సెయింట్ బెర్టిన్ మఠానికి రక్షకుడిగా గెర్బాడ్ అనే పెద్దమనిషి కనిపిస్తాడు, ఆయనే ఆ భర్త అన్నాడు. పైగా విలియం మటిల్డాల పెళ్లి వద్దని 1049లో రేమ్స్‌లో జరిగిన చర్చి సభలో పోప్ ఆంక్ష పెట్టాడు, కారణం ఏమిటో రాసి లేదు. స్టేపుల్టన్ ఆ ఖాళీలో తన కథని అమర్చాడు: మొదటి భర్త బతికే ఉన్నాడు కాబట్టి వద్దన్నారట. అంతా చక్కగా అతికింది. ఫ్రీమన్ అంతటి చరిత్రకారుడు కూడా ఒప్పేసుకున్నాడు.

ఇప్పుడు నా లెక్క. మటిల్డా తల్లి అడేలా ఫ్రాన్స్ రాజు కూతురు, ఫ్లాండర్స్ బాల్డ్విన్‌తో ఆమె పెళ్లి 1028 ప్రాంతంలో. కాబట్టి మటిల్డా ఎంత ముందు పుట్టిందనుకున్నా 1049కి ఇరవై దాటడం కష్టం. ఆ వయసులోపే ఆమెకి ఒక పెళ్లి, గెర్బాడ్, గుండ్రడా, ఇంకొక కొడుకు ఫ్రెడరిక్ (ఇతని సంగతి తర్వాత), ఆ భర్తతో తెగతెంపులు, అన్నీ అయిపోవాలి. అసాధ్యం అనను. కానీ పైన నాన్న ఫ్లాండర్స్ ప్రభువు, అమ్మమ్మ తాతయ్యలు ఫ్రాన్స్ రాజదంపతులు. ఇంత పెద్దింట్లో జరిగిన మొదటి పెళ్లిని ఒక్క సమకాలికుడూ ఎత్తిచూపలేదంటే నాకు మింగుడుపడదు. విలియంకి శత్రువులు తక్కువా? ఆయన పుట్టుక మీద ఎన్ని మాటలన్నారో తెలుసు కదా. భార్య మీద ఇంత మసాలా దొరికితే వదిలేవాళ్లా?

#7 కృష్ణక్క

మీరంతా పత్రాలూ పుట్టిన తేదీలూ పట్టుకుని కూర్చున్నారు కానీ ఈ కేసు తేలింది ఒక పెళ్లి సంబంధం దగ్గర. మన ఆడవాళ్లకి అప్పగిస్తే పది నిమిషాల్లో తేలేది!

గుండ్రడా పెద్దకొడుకు పేరు కూడా విలియమే, రెండో ఎర్ల్. రాజు మొదటి హెన్రీ (కాంకరర్ చిన్నకొడుకు) తన కూతుళ్లలో ఒకరిని, పెళ్లికాకుండా పుట్టిన పిల్లని, ఇతనికి ఇద్దామనుకున్నాడు. చేయొచ్చా అని కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఆన్సెల్మ్‌ని అడిగాడు. ఆన్సెల్మ్ వద్దన్నాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. కారణం ఏమిటంటే, ఇద్దరికీ ఒకే మూలపురుషుడి నుంచి చుట్టరికం ఉంది, ఒక వైపు నాలుగో తరం, ఇంకో వైపు ఆరో తరం. అప్పట్లో చర్చి ఏడు తరాల లోపు చుట్టరికం ఉంటే పెళ్లి కుదరదనేది. (దాన్ని నాలుగు తరాలకి తగ్గించింది 1215లో.)

ఇప్పుడు వరస కట్టండి. గుండ్రడా కాంకరర్ కూతురైతే హెన్రీకి అక్కో చెల్లో అవుతుంది. అప్పుడు హెన్రీ ఈ పిల్లవాడికి సొంత మేనమామ. పెళ్లికూతురు మేనమామ కూతురు. మనకైతే పీటల మీద కూర్చోబెట్టేసే వరస! "మేనరికం ఉండగా బయట సంబంధం ఎందుకు" అంటాం. వాళ్లకి మాత్రం అది మహాపాపం, రెండో తరంలోనే దొరికిపోయే చుట్టరికం. దాన్ని వదిలేసి ఎక్కడో నాలుగో తరం ఆరో తరం అని ఎందుకు వెతుకుతాడండీ ఆర్చ్‌బిషప్? "అయ్యా, ఆ పెళ్లికొడుకు నీ సొంత మేనల్లుడు" అని ఒక్క వాక్యంతో ముగించేవాడు.

ఇందులో అందం ఏమిటంటే లెక్కల మాస్టారు చెప్పిన మొదటి భర్త కథ కూడా ఇదే దెబ్బకి పోతుంది. తండ్రి వేరైనా తల్లి మటిల్డాయే అయితే గుండ్రడా హెన్రీకి ఒక తల్లి కడుపున పుట్టినదే కదా. వరస మారదు. ఒక్క ఉత్తరం, రెండు కథలకీ చీటీ చింపేసింది.

#8 కోనసీమ కుర్రోడు

అక్కా 🙏 మా అత్త కూతురి ఫొటో పెట్టుకుని ఇది చదువుతున్నా. చర్చి వాళ్లు మా ఊరు రాకపోవడమే మంచిదైంది.

#9 సూర్యకాంతం అభిమాని

కృష్ణక్క గారూ, వాదన బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ ఒక అనుమానం. ఆ నాలుగు, ఆరు ఎక్కడివి? అది తేలకపోతే ఆన్సెల్మ్ ఏదో పొరపాటు లెక్క వేశాడనుకోవచ్చుగా.

#10 కృష్ణక్క

మంచి ప్రశ్న. మూలం గున్నోర్ దగ్గర. ఆమె కాంకరర్‌కి ముత్తవ్వ, అంటే తండ్రికి నాయనమ్మ. ఆమె చుట్టాలంతా నార్మండీలో పెద్ద పెద్ద ఇళ్లకి కోడళ్లుగా వెళ్లారు. వారెన్ల ఇంట్లో కూడా గున్నోర్ తోబుట్టువుల పిల్ల ఒకరు పడిందని రాబర్ట్ ఆఫ్ టోరిన్యీ అనే పన్నెండో శతాబ్దం చరిత్రకారుడు రాశాడు. గున్నోర్ తల్లిదండ్రులని మూలం అనుకుని వేళ్లు మడవండి: గున్నోర్, రెండో రిచర్డ్, రాబర్ట్, కాంకరర్, హెన్రీ, హెన్రీ కూతురు. సరిగ్గా ఆరు! కాబట్టి పెళ్లికూతురి వైపు ఆరు సరిపోయింది. వారెన్ వైపు నాలుగు ఎవరెవరు అన్నదాని మీద పండితులకి ఇంకా పేచీ ఉంది, టోరిన్యీ వారెన్ల ఇంటి ఇద్దరు రొడుల్ఫ్‌లని కలిపి ఒకరిని చేశాడంటారు. ఆ గొడవలోకి దిగితే మనం శుక్రవారానికి బయటపడం.

మనకి కావలసిందల్లా ఒకటే. ఆ చుట్టరికం పెళ్లికొడుకు తండ్రి వైపుది. తల్లి గుండ్రడా వైపు నుంచి ఆన్సెల్మ్‌కి ఏ అభ్యంతరమూ కనపడలేదు.

#11 నిద్రపట్టని నరసింహం

సందర్భం వచ్చింది కాబట్టి. మన రుద్రమదేవిని కూడా మార్కోపోలో రాజుగారి వితంతువు అని రాసేశాడు, భర్త పోయాక నలభై ఏళ్లు పాలించిందని. దాంతో ఒకప్పుడు ఆమె గణపతిదేవుడి భార్య అనుకున్నవాళ్లున్నారు. శాసనాలు చూశాక కదా కూతురని తేలింది. అక్కడ కూతురు కానిదాన్ని కూతుర్ని చేశారు, ఇక్కడ కూతుర్ని భార్యని చేశారు. ఆడవాళ్ల వరస రాసేటప్పుడు ఈ రాతగాళ్లకి చెయ్యి ఎందుకు వణుకుతుందో.

కాకతీయుల కులం గురించి కూడా ఒక మాట...

#12 వేదిక నిర్వహణ

నరసింహం గారూ, రుద్రమ వరకు బాగుంది. కులం చర్చకి ఇది చోటు కాదు, మిగతా భాగం తీసేశాం. దయచేసి లూయిస్‌కి తిరిగి రండి.

#13 పాతరాయి

రాయి గురించి రాస్తానన్నాను. ఆలస్యానికి మన్నించండి, కరెంటు పోయింది.

ఆ రాయి ప్రయాణమే ఒక కథ. ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించినప్పుడు లూయిస్ మఠాన్ని ఇటలీ నుంచి వచ్చిన ఇంజనీరు చేత పద్ధతిగా కూలగొట్టించారు. 1537-38లో. గుండ్రడా పలక ఎలాగో ఐదారు మైళ్ల దూరంలోని ఇస్‌ఫీల్డ్ చర్చికి చేరి షర్లీ అనే కుటుంబం వాళ్ల సమాధికి పైరాయి అయింది. మన పల్లెల్లో శాసనం రాళ్లు కల్వర్టు కింద, రేవు మెట్ల మీద దొరకడం లేదూ? అలాగే. అక్షరాలు చదివి ఇది వేరే ఎవరిదో అని గుర్తుపట్టి 1775లో సౌతోవర్‌కి తెచ్చారు. ఇక సీసపు పెట్టెలు దొరికాక, 1847లో అదే చర్చికి చిన్న గది కట్టి రెంటినీ ఒకచోట చేర్చారు. చనిపోయిన డెబ్బై ఏళ్లలోపు చెక్కిన పలకా, ఆ పలక మనిషి ఎముకలూ మూడువందల ఏళ్ల ఎడబాటు తర్వాత కలుసుకున్నాయన్నమాట.

"డెబ్బై ఏళ్లలోపు" అన్నది గమనించండి. ఆమె పోయింది 1085లో, రాయి పని చూస్తే 1145 ప్రాంతానిది అంటున్నారు. సీసపు పెట్టెలు కూడా మూడడుగుల పొడవైనా లేవు. పెద్దమనిషి శవం అందులో పట్టదు. అంటే కొత్త కట్టడం లేచినప్పుడు పాత గోతుల్లోంచి ఎముకలు తీసి పెట్టెల్లో సర్ది, పైన ఈ కొత్త పలక పరిచారు.

ఇక మాటలు. "స్టిర్ప్స్ గుండ్రడా డుకుమ్" అని మొదలవుతుంది. "డుకుమ్" అంటే డ్యూకుల అని సూర్యకాంతం అభిమాని గారు అన్నారు, సరే. కానీ లాటిన్‌లో ఆ మాట నాయకులు, సేనాపతులు, ప్రభువులు అందరికీ చెల్లుతుంది. అసలు సంగతి అది కాదు. 1085 నాటికి విలియం డ్యూక్ ఒక్కటే కాదు, పందొమ్మిదేళ్లుగా రాజు. రాజు కూతురి సమాధి మీద "రాజుల సంతతి" అని చెక్కకుండా "ప్రభువుల సంతతి" అని ఎవడు చెక్కుతాడు?

ఊరికే అనడం లేదు. పక్కన పెట్టి చూసుకోవడానికి ఇంకో రాయి ఉంది, నార్మండీలోని కాఁ నగరంలో మటిల్డా రాణిది. ఆమె 1083లో పోయింది, గుండ్రడా కంటే రెండేళ్ల ముందు. అది కూడా నల్లరాయే. దాని మీద ఏముందో తెలుసా? తండ్రి ఫ్లాండర్స్ ప్రభువు, తల్లి అడేలా, ఆ తల్లి ఫ్రాన్స్ రాజు రాబర్ట్ కూతురు, ఫ్రాన్స్ రాజైన హెన్రీకి తోబుట్టువు, భర్త రాజు విలియం. పెళ్లి శుభలేఖలో అచ్చేసినట్టు వరసగా ఉంటాయి. చెప్పుకోవడానికి రాజులుంటే పేర్లతో సహా చెప్పుకున్నారు. గుండ్రడా రాయి అన్ని పంక్తుల్లో ఒక్క చుట్టాన్నీ పేరుపెట్టి చెప్పలేదు.

కాబట్టి సాక్ష్యం అనుకున్న రాయే ఎదురు సాక్ష్యం చెబుతోంది.

#14 సూర్యకాంతం అభిమాని

కాఁ రాయి సంగతి నాకు తెలియదు. అది చదివాక ఇంక నేను వాదించను. ఫ్రీమన్ కూడా చివరికి మనసు మార్చుకున్నాడని ఇప్పుడే చూశా.

#15 లెక్కల మాస్టారు

అవును, 1888లో. నలభై ఏళ్లకి పైగా నడిచిన తగువు. 1884లో చెస్టర్ వాటర్స్ అనే ఆయన గట్టిగా ఎదురు తిరిగాక, తను ఒకప్పుడు ఒప్పుకున్న కథని తనే పక్కన పెడుతూ వ్యాసం రాశాడు: ఆమె రాజు బిడ్డ అనడానికీ రాణి బిడ్డ అనడానికీ ఆధారం లేదు, కాదనడానికే ఎక్కువ ఉంది అని. అంత పేరున్న మనిషి అచ్చులో అలా రాసుకోవడం నాకు నచ్చింది. ఈ వేదికలో ఒకరికి మాత్రమే ఆ గుణం ఉంది, పైన #14 చూడండి :)

ఫ్రెడరిక్ బాకీ తీర్చేస్తాను. ఇతను గుండ్రడాకి ఇంకో సోదరుడు. తూర్పు ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా నార్ఫోక్‌లో, ఇతనికి చాలా భూములుండేవి. నార్మన్ల మీద తిరగబడ్డ హెరివార్డ్ ఇతన్ని చంపాడని హైడ్ మఠం పేరుతో చలామణీ అయిన చరిత్ర చెబుతుంది (ఇప్పుడు దాన్ని వారెన్ క్రానికల్ అంటున్నారు, వాళ్ల ఇంటి సంగతులు అంత దగ్గరగా తెలిసినవాడి రాత కాబట్టి). 1086 నాటి డూమ్స్‌డే భూముల సర్వేలో చూస్తే "ఫ్రెడరిక్ ఆస్తి" అన్న పొలాలు విలియం ద వారెన్ చేతిలో ఉన్నాయి. బావమరిది వాటా బావకి దక్కింది. కథలో చెప్పిన చుట్టరికానికి భూమి రికార్డు సాక్ష్యం పలికింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నమ్మకమైన ముక్క ఇదే. వంశం గురించి ఎవరైనా గొప్పలు రాసుకోవచ్చు, శిస్తు లెక్కల్లో మాత్రం గొప్పలకి చోటు తక్కువ.

#16 కోనసీమ కుర్రోడు

డీఎన్ఏ టెస్ట్ చేస్తే ఐపోద్ది కదా గురూజీ? ఎముకలున్నాయిగా.

#17 పాతరాయి

పోల్చడానికి అవతలి ఎముక కావాలి నాయనా. కాఁలో విలియం సమాధిని 1562లో మతకలహాల్లో పగలగొట్టి ఎముకలు చెల్లాచెదురు చేశారు. మిగిలిందని చెప్పేది ఒక్క తొడ ఎముక. తర్వాత ఫ్రెంచి విప్లవంలో ఆ సమాధిని మళ్లీ ధ్వంసం చేశారు. ఇంక ఎవరి ఎముకతో ఎవరిది పోలుస్తాం. పైగా మన దగ్గర ఆన్సెల్మ్ ఉత్తరం ఉంది. తొమ్మిదివందల ఏళ్ల కిందటి డీఎన్ఏ రిపోర్టు అనుకో.

#18 బ్రైటన్ బుజ్జి

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు, ఆఫీసులో దొంగచాటుగా చదివా. పాపకి మేనరికం సంగతి చెబితే "అంటే అమ్మమ్మా తాతయ్యా ఇంగ్లండ్‌లో పెళ్లి చేసుకోలేకపోయేవాళ్లా?" అని అడిగింది. మా అమ్మానాన్నలది మేనరికమే. ఆ రోజుల్లో అయితే చర్చి ఒప్పుకోదు అన్నాను, ఇప్పటికీ నవ్వుతోంది.

ఇక ఆఖరి టెన్షన్. చార్టులో తండ్రి గడిలో ఏం రాయాలి? సెయింట్ బెర్టిన్ గెర్బాడ్ అని రాసేయనా?

#19 కొమ్మలూ రెమ్మలూ

నేను ఖాళీ ఉన్నప్పుడు ఒక వంశవృక్షాల సైట్‌లో మధ్యయుగం పేజీలు శుభ్రం చేస్తుంటాను, కాబట్టి ఈ గడి బాధ నాకు రోజూ ఉండేదే.

రాయకండి. అన్నలిద్దరి పేర్లకి ఆధారం ఉంది, తండ్రి పేరుకి లేదు. ఫ్లాండర్స్‌లో సెయింట్ బెర్టిన్ మఠం రక్షకుల ఇంటి పిల్ల అయ్యుండాలని చాలామంది అనుకుంటారు, ఆ ఇంట్లో గెర్బాడ్ పేరు వాడుకలో ఉంది కాబట్టి. బహుశా నిజమే. కానీ "బహుశా" అన్న మాట గడిలో పట్టదు. ఇవాళ మీరు రాస్తే రేపు ఎవరో ఫొటో తీసి సైట్లో ఎక్కిస్తారు, ఎల్లుండికి అది ఆధారం అయి కూర్చుంటుంది. నేను విలియం కాంకరర్‌ని గుండ్రడా తండ్రి గడిలోంచి ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఒకాయన తన ముప్పయ్యో తాత రాజు కావాలని మళ్లీ పెడతాడు. ఒకాయన నన్ను మెయిల్‌లో శపించాడు కూడా.

చిట్కా: తల్లిదండ్రుల గడులు చుక్కల గీతతో ఖాళీగా గీసి, వాటికింద గెర్బాడ్, ఫ్రెడరిక్, గుండ్రడా ముగ్గురినీ ఒకే వరసలో పెట్టండి. టీచర్ అడిగితే ఎందుకు ఖాళీయో పాప చెబుతుంది.

ఇంకోటి, చార్టు పైన "నార్మన్ వనిత" అని రాసి ఉంటే అదీ మార్చండి. భర్త నార్మన్. ఆవిడ ఫ్లాండర్స్ పిల్ల.

#20 కృష్ణక్క

కిరీటం పూర్తిగా చెరిపేయకు బుజ్జీ, పాప కష్టపడి వేసింది. కిందకి జరుపు. రెండో ఎర్ల్ విలియంకి హెన్రీ కూతురు దక్కలేదు కానీ తర్వాత ఇసబెల్ ద వెర్మాండువాని చేసుకున్నాడు. ఆమె ఫ్రాన్స్ రాజుకి మనవరాలు. అంటే రాచరక్తం కోడలితో వచ్చింది. వాళ్ల కూతురు అడా 1139లో స్కాట్లండ్ రాజు కొడుకు హెన్రీని చేసుకుంది, ఆమె కొడుకుల్లో ఇద్దరు, మాల్కమ్, విలియం, వరసగా స్కాట్లండ్ రాజులయ్యారు. కిరీటం గుండ్రడా మునిమనవల నెత్తిన పెట్టు. అక్కడ ఎవరూ చెరపలేరు.

#21 బ్రైటన్ బుజ్జి

చార్టు ఇచ్చేశాం! కిరీటాలు రెండయ్యాయి, పాప ఖుషీ.

ఇవాళ శనివారం మళ్లీ లూయిస్ వెళ్లాం, ఈసారి పాతరాయి గారి పోస్టు ఫోన్‌లో పెట్టుకుని. పాప వేలితో ఒక్కో అక్షరం చూపిస్తూ "డుకుమ్" దొరకబట్టింది. రాయి ఒక చివర విరిగి కొన్ని అక్షరాలు పోయాయి. పోయినసారి ఊరి గుర్తులో నీలం బంగారు గళ్లు చూసి చదరంగం బల్ల అనుకున్నాం, అవి వారెన్ల గళ్లట. బయటికొస్తుంటే ఆ పెద్దాయన మళ్లీ కనిపించాడు. పాప ఆయనకి వరస అంతా చెప్పింది, మేనమామ కూతురితో సహా. ఆయన ఓపిగ్గా విని, "అయితే ఆవిడ ఎవరి కూతురు?" అన్నాడు. "చుక్కల గీత" అంది.

పాతరాయి గారూ, రాయి మీద మార్తా, మరియ అని రెండు పేర్లు కనిపించాయి. వాళ్లు ఆవిడ కూతుళ్లా?

#22 పాతరాయి

కాదమ్మా, బైబిల్లోని అక్కాచెల్లెళ్లు. మార్తా ఇంటిపని చేసేది, మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని వినేది. గుండ్రడా బీదవాళ్ల పాలిట మార్తా, భక్తిలో మరియ అని రాశారు. తర్వాతి పంక్తి "మార్తా భాగం పోయింది, మరియ భాగం మిగిలింది" అని. ఆవిడ కూతురు అని మనకి తెలిసిన పేరు ఈడిత్, గెరార్డ్ ద గూర్నేని చేసుకుంది. ఆమె గురించి వేరే దారం తెరవండి, వస్తాను.

#23 కోనసీమ కుర్రోడు

తెరిచా. పేరు "ఈడిత్ గారి అత్తారిల్లు". రండి.